ఉంగరం తీసి లోపలికి వెళ్లండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వైపు నుంచి వచ్చాయి. ఆదిభట్ల, నాదర్‌గుల్, తుర్కయాంజాల్, ఇంకా నేను ఉద్యోగం మొదలుపెట్టిన పాత బాలానగర్. విమానాల విడిభాగాలు చేసేవాళ్లు, వాటిని పరీక్షించేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాశారు. అందరి బెంగా ఒకటే, ఈఎంఎఫ్. తెలుగులో విద్యుదయస్కాంత క్షేత్రం అంటాం కానీ ఫ్యాక్టరీ షాపులో ఎవరూ అలా అనరు. 'రేడియేషన్' అంటారు. సగం గందరగోళం ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు ఈసారికి నన్ను క్షమించాలి, మీ ఉత్తరాలు వచ్చే నెలకు దాచాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 31 ఏళ్లు. ఆరేళ్లుగా ఎమ్‌పీఐ (అయస్కాంత పొడితో పగుళ్లు వెతికే) సెక్షన్‌లో ఆపరేటర్‌ని. స్టీలు షాఫ్టులు, పిన్నులు బెంచి మీద బిగించి, కరెంటు పంపి, పగుళ్లున్నాయేమో చూస్తాం. తర్వాత వాటి అయస్కాంతత్వం పోగొట్టే డీమ్యాగ్ కాయిల్‌లోంచి బయటికి లాగుతాం. పోయిన నెల కంపెనీకి ల్యాబ్ వ్యాన్ వచ్చింది. రక్తం తీసుకున్నారు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే తీశారు. రిపోర్టు చివర 'ఈఎంఎఫ్ ఎక్స్‌పోజర్: నార్మల్' అని రాశారు. ఏ పరీక్షలో తెలిసింది అది? పక్కన ఎక్స్‌రే రూమువాళ్లకు బ్యాడ్జీలు ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. మేమంటే చిన్నచూపా?
— పేరు వద్దన్న పాఠకుడు, తుర్కయాంజాల్

జవాబు: బాబూ, ఏ పరీక్షలోనూ తెలియలేదు. ఆ లైను ఎవరో టైపు చేశారు, అంతే.

మీ సెక్షన్‌లో మోత ఎంతుందో మీ రక్తం తీసి చెప్పగలమా? ఇదీ అంతే. సీసంతో పనిచేసేవాళ్ల రక్తంలో సీసం దొరుకుతుంది. కాడ్మియం ప్లేటింగ్ చేసేవాళ్ల మూత్రంలో కాడ్మియం దొరుకుతుంది. అవి ఒంట్లోకి వెళ్లి కూర్చునే పదార్థాలు. అయస్కాంత క్షేత్రం పదార్థం కాదు. పెడల్ మీద కాలు తీయగానే, కరెంటు ఆగగానే అదీ పోతుంది. వారం తర్వాత వ్యాన్‌లో కూర్చున్న కుర్రాడు సిరంజితో వెతికితే ఏం దొరుకుతుంది? రక్తపరీక్ష చేయడం తప్పని అనడం లేదు. మీ షుగరు, హిమోగ్లోబిన్ తెలిశాయి, మంచిదే. దానికి ఈఎంఎఫ్ పేరు తగిలించడమే తప్పు.

కొలవాల్సింది మిమ్మల్ని కాదు, మీరు నిలబడే చోటుని. 50 హెర్ట్జ్ కరెంటుకు సంబంధించి ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో చెప్పిన స్థాయి ఉద్యోగులకు 1,000 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్), మామూలు జనానికి 200. ఇప్పుడు మీ బెంచి సంగతి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోని తిన్నని తీగ లెక్కే తీసుకోండి. షాఫ్టులోంచి 2,000 యాంపియర్లు పోతుంటే అర మీటరు దూరంలో 800 మైక్రోటెస్లాలు వస్తాయి. మీటరు దూరంలో 400. ఇరవై సెంటీమీటర్లకు వంగి చూస్తే 2,000. అంటే పెడల్ నొక్కేటప్పుడు మీ నడుము బెంచికి ఆనుకుని ఉందా, ఒక అడుగు వెనక ఉందా అన్నదాన్ని బట్టి మీరు హద్దుకు ఇవతలో అవతలో తేలుతుంది. కేబుళ్లు ఎటు తిరిగి వస్తున్నాయి, కరెంటు ఏసీయా, డీసీగా మార్చిందా అన్నదాన్ని బట్టి నిజం అంకె మారుతుంది. అందుకే మీటరు తెచ్చి కొలవమంటాను. మీటరంటే మూడు దిక్కుల్లోనూ ఒకేసారి కొలిచే ప్రోబ్ ఉన్నది. దాన్ని మీ తల ఎత్తులో, నడుము ఎత్తులో, చేయి పెట్టే చోట, మూడు చోట్లా పెట్టాలి. మామూలు రోజు వాడే కరెంటు మీద కాదు, మీరు వాడే అన్నిటికన్నా పెద్ద పార్ట్ బిగించి కొలవాలి.

నాకు ఎక్కువ అనుమానం బెంచి మీద కాదు, డీమ్యాగ్ కాయిల్ మీద. కొత్తవాళ్లు చిన్న పార్టుల్ని చేత్తో పట్టుకుని, మోచేయి దాకా కాయిల్‌లో పెట్టి లాగుతుంటారు. చేతులకు హద్దు కాస్త ఎక్కువే, యూరప్ వాళ్ల 2013 నియమాల్లో 50 హెర్ట్జ్ దగ్గర 18,000 మైక్రోటెస్లాలు. కానీ చేయి లోపలికి పోతే తలా వెంట వంగుతుంది కదా. రోలర్ ట్రే ఉంటే దాని మీద పెట్టి తోయండి, లేదా ఒక చెక్క కర్రతో లాగండి. కాయిల్ నుంచి దూరం జరిగేకొద్దీ ఈ క్షేత్రం చాలా త్వరగా పడిపోతుంది. ఒక్క అడుగు చేసే మేలు ఏ ఏప్రనూ చేయదు.

హద్దు దాటితే ఏమవుతుందని అడుగుతారు. ఈ ఫ్రీక్వెన్సీలో తెలిసిన ప్రభావం నరాల మీదే. కంటి చివర్లలో మినుకు మినుకుమని వెలుగు కనపడుతుంది. ఇంకా ఎక్కువైతే చర్మంలో జివ్వుమంటుంది. పక్కకు జరిగితే పోతుంది. క్యాన్సర్ మాటంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లో ఈ క్షేత్రాలను 2బీ వర్గంలో, అంటే 'కారణం కావచ్చేమో' అన్న వరసలో పెట్టింది. దానికి ఆధారం ఇళ్లలో పిల్లల లుకేమియా మీద జరిగిన పరిశీలనలు. ఫ్యాక్టరీ కార్మికుల మీద వచ్చిన రుజువు చాలదనే వాళ్లూ అన్నారు. నేను దీన్ని దాచను, పెంచి చెప్పను.

బ్యాడ్జీ సంగతి. అది టీఎల్‌డీ. ఒంటి మీద పడ్డ ఎక్స్‌రే, గామా కిరణాలను కొలిచేది. అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధన ప్రకారం వాళ్లకు ఇవ్వాలి. మీ కాయిల్ పక్కన సంవత్సరం వేలాడదీసినా అందులో ఏమీ పడదు. కాబట్టి చిన్నచూపు కాదు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. మీ చేతివేళ్ల సందుల్లో చర్మం పొడిబారి పగులుతోందా? ఎమ్‌పీఐ ద్రావణంలో ఉండేది కిరసనాయిలు జాతి నూనె. ఆరేళ్లు చేతులు అందులో ముంచి ఏమీ కానివాళ్లను నేను తక్కువ చూశాను. చీకటి గదిలో ఆ యూవీ దీపం ఫిల్టర్ అద్దం పగిలితే అలాగే వాడకండి, కళ్లకు చర్మానికి అది చేటు. వ్యాన్ వాళ్లు మీ చేతులు తిప్పి చూశారా? చూసి ఉండరు.

ప్రశ్న: డాక్టరమ్మా, మా ఆయన ఆదిభట్ల వైపు ఒక కంపెనీలో పనిచేస్తారు. ఇంటికి రాగానే మా రెండేళ్ల పాప ఎగిరి ఆయన మీదికి దూకుతుంది. బట్టలకు రేడియేషన్ అంటుకుని వస్తుందని మా అత్తమ్మ స్నానం చేసేదాకా పాపను ముట్టుకోనివ్వదు. నిజమేనా?
— ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, ఈఎంఎఫ్ బట్టలకు అంటుకోదు. ఫ్యాను కింద కూర్చుని వచ్చినవాడి చొక్కాలో గాలి మిగులుతుందా? ఇదీ అంతే.

అలాగని మీ అత్తమ్మను తప్పుపట్టకండి. ఆవిడ చెప్పిన కారణం తప్పు, చేస్తున్న పని మాత్రం ఒప్పే కావచ్చు. ఆయన ఏ సెక్షన్ అన్నది మీరు రాయలేదు. పెయింటు షాపు గానీ, పెయింటేసిన భాగాలకు డ్రిల్లింగ్, సాండింగ్ చేసే చోటు గానీ అయితే ప్యాంటు మడతల్లో, బూట్ల మీద పసుపు, ఆకుపచ్చ కలిసినట్టు సన్నటి దుమ్ము కనపడుతుందేమో చూడండి. విమానాల ప్రైమర్లలో తుప్పు పట్టకుండా క్రోమేటు కలుపుతారు. ఆ క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అనుమానం కాదు, తేలిన విషయం. ఐఏఆర్‌సీ దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. అది బట్టలకు అంటుకుంటుంది, ఇంటికి వస్తుంది, పాప చేతికీ నోటికీ చేరుతుంది. యూనిఫాం కంపెనీలోనే విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని, వేరే బట్టల్లో రావాలి. ఇంటికి తెస్తే వేరే బకెట్లో, పొడిగా దులపకుండా నానబెట్టి ఉతకండి.

అత్తమ్మ గారికి నా నమస్కారం చెప్పండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. విమానం ఇంజను భాగాలకు వెల్డింగు, ఇండక్షన్ బ్రేజింగ్, ఎమ్‌పీఐ మా దగ్గరే జరుగుతాయి. తొమ్మిది వారాల కిందట పేస్‌మేకర్ పెట్టారు. గుండె డాక్టరు 'డ్యూటీకి పోవచ్చు' అన్నారు. కంపెనీ వాళ్లు 'రిస్కు మేం తీసుకోలేం, ఇంట్లో ఉండండి' అంటున్నారు. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఎవరి మాట వినాలి?
— ఒక సూపర్‌వైజర్, మూసాపేట

జవాబు: అన్నగారూ, ఇద్దరూ చూడకుండానే చెప్పారు. డాక్టరు గారు మీ షాపు చూడలేదు, కంపెనీవాళ్లు మీ పేస్‌మేకర్ ఏమిటో చూడలేదు. ఆ రెండింటినీ కలిపేది ఒక కాగితం. దాన్ని మీరే రాయించుకోవాలి.

ఆస్పత్రిలో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు తీయండి. మోడల్, లీడ్ల (గుండెలోకి వెళ్లే తీగల) రకం అందులో ఉంటాయి. బైపోలార్ లీడ్లయితే బయటి గోల తక్కువ పట్టించుకుంటాయి, యూనిపోలార్ అయితే ఎక్కువ. పేస్‌మేకర్ చేసే పని గుండె చప్పుడు వినడం. బయటి క్షేత్రాన్ని అది గుండె చప్పుడే అనుకుంటే 'సరే, గుండె కొట్టుకుంటోంది కదా' అని తాను ఊరుకుంటుంది. పూర్తిగా దాని మీదే ఆధారపడ్డ మనిషికి ఆ కొన్ని క్షణాలే కళ్లు తిరిగి పడిపోవడానికి చాలు. ఇంకొన్నిసార్లు గోలను గుర్తించి, ముందే పెట్టిన వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. క్షేత్రంలోంచి బయటికి రాగానే చాలావరకు మళ్లీ మామూలైపోతుంది.

మీకు వర్తించే హద్దు మీ పక్కవాడి హద్దు కాదు. కదలని అయస్కాంతాలకు అర మిల్లీటెస్లా, షాపులో వాడే మాటలో ఐదు గాస్. 50-60 హెర్ట్జ్ దగ్గర అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు చెప్పేది 0.1 మిల్లీటెస్లా, అంటే 100 మైక్రోటెస్లాలు. తుర్కయాంజాల్ తమ్ముడికి పైన చెప్పిన తిన్నని తీగ లెక్కే వేస్తే, 2,000 యాంపియర్ల బెంచికి మీరు నాలుగు మీటర్ల అవతల ఉండాలి. సేఫ్టీ ఆఫీసర్‌తో మీరు రోజూ నడిచే దారంతా మీటరుతో నడవండి. మీ టేబుల్, వెల్డింగ్ బే, ప్యానెల్ రూము, టీ తాగే చోటు. ఎక్కడ 100 దాటుతుందో అక్కడ నేల మీద పసుపు గీత గీయించండి. ఆ అంకెలు, మీ కార్డు నకలు పట్టుకుని మళ్లీ గుండె డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. ఆయన పేస్‌మేకర్ సెట్టింగులు సరిచేయొచ్చు, గుండె లయను రోజంతా నమోదు చేసే హోల్టర్ కట్టి ఒక రోజు డ్యూటీకి పంపి చూడొచ్చు. అప్పుడు రాసే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది.

వెల్డింగ్ కేబుల్ భుజాన వేసుకోవడం, ఇండక్షన్ కాయిల్ మీదికి వంగి చూడడం ఇక మీ పని కాదు. పార్టుల కొలతలు చూసే సీఎంఎం రూము, ప్లానింగు, స్టోర్స్, కుర్రాళ్లకు శిక్షణ ఇవ్వడం, వీటిలో మీ అనుభవానికి తక్కువేం లేదు. నాలుగేళ్లు ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం వైద్యం కాదు, పిరికితనం. ఈ మాట నేనన్నానని వాళ్లకు చూపించండి.

ప్రశ్న: మేడమ్, నేను ఈఎంసీ టెస్ట్ ల్యాబ్‌లో జూనియర్ ఇంజినీర్‌ని, 24 ఏళ్లు. విమానంలో పెట్టే ఎలక్ట్రానిక్ డబ్బాల మీద బయటి సిగ్నళ్లు పంపి తట్టుకుంటాయో లేదో చూస్తాం. తలుపు తెరిస్తే సిగ్నల్ ఆపేసే ఛాంబర్ ఇంటర్‌లాక్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో దానికి టేపు వేశారు. నేను కేబుల్ సరిచేద్దామని లోపలికి వెళ్లాను. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉంది. 200 వోల్ట్స్ పర్ మీటర్ టెస్టు, వంద మెగాహెర్ట్జ్ పైచిలుకు. ఒక నిమిషం ఉన్నానేమో. ముఖం వెచ్చగా అనిపించింది. మూడు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. కంట్లో శుక్లాలు వస్తాయని, పిల్లలు పుట్టరని వీడియోల్లో చెబుతున్నారు. ఏ పరీక్షలు చేయించుకోవాలి? ఇంట్లో చెప్పలేదు.
— పేరు వద్దు, బడంగ్‌పేట

జవాబు: ముందు వీడియోలు కట్టేసి అన్నం తిను నాన్నా. లెక్క నేను వేస్తాను.

నువ్వున్న ఫ్రీక్వెన్సీలో ఉద్యోగులకు ఐసీఎన్ఐఆర్‌పీ స్థాయి మీటరుకు 61 వోల్టులు. 200 అంటే మూడింతల పైమాటే, శక్తి లెక్కన వర్గం చేస్తే పది, పదకొండు రెట్లు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఇక్కడ జరిగేది వేడెక్కడం. వేడెక్కడానికి టైము పడుతుంది. అందుకే ఆ సంఘం 2020 నియమాల్లో ఒళ్లంతటికీ ముప్పై నిమిషాల సగటు చూడమన్నారు. పదకొండు రెట్లు ఒక్క నిమిషం, మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలు సున్నా. సగటు హద్దులో సుమారు మూడో వంతు. నిజంగా నిమిషమే అయితే, నువ్వు యాంటెన్నాకు ముఖం ఆనించి నిలబడకపోతే, నీ శరీరానికి ఇది కాసేపు ఎండలో నిలబడ్డట్టే.

కళ్లూ వృషణాలూ అని భయపెట్టడం వెనుక ఒక నిజం ఉంది. కంటి లెన్సుకు రక్తనాళాలు లేవు, అక్కడ పుట్టిన వేడిని మోసుకుపోయేందుకు రక్తప్రవాహం లేదు. వృషణాలు మామూలుగానే ఒంటికన్నా చల్లగా ఉండాలి. చాలా ఎక్కువ శక్తి, ఎక్కువసేపు పడితే వాటికి నష్టం జరుగుతుంది. నీ నిమిషం ఆ కోవలోకి రాదు.

అయినా ఒకసారి కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించుకో. ఇప్పుడు ఏదో కనపడుతుందని కాదు. ఇవాళ్టికి లెన్సు శుభ్రంగా ఉందన్న కాగితం నీ దగ్గర ఉంటే నలభయ్యో ఏట ఎవరూ వాదించక్కర్లేదు. చర్మం మీద ఎర్రదనం, నొప్పి ఉంటే చూపించు. వీర్యపరీక్ష ఇప్పుడు అక్కర్లేదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, మూడు రోజులకు ఏం తెలుస్తుంది? రక్తపరీక్షల ప్యాకేజీ ఎవరైనా అమ్మితే కొనకు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది, రాయడం. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, యాంప్లిఫయర్ ఎన్ని వాట్లు, యాంటెన్నాకు ఎంత దూరం, ఎటు తిరిగి ఉన్నావు, ఎన్ని సెకన్లు. టెస్ట్ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో టైము ఉంటుంది, అది చెరిపేయకముందే తీసుకో. మెయిల్‌లో సేఫ్టీ ఆఫీసర్‌కు, మెడికల్ సెంటర్‌కు పంపు. ఇంటర్‌లాక్ టేపు సంగతి దాచకు. నిన్ను తిడతారేమో, తిట్టనీ. ఆ టేపు అలాగే ఉంటే వచ్చే వారం లోపలికి వెళ్లేవాడికి నిమిషం సరిపోకపోవచ్చు.

ఇంట్లో అమ్మకు చెప్పు. నిద్ర దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఒక విమాన భాగాల ఫ్యాక్టరీలో హెల్త్ సెంటర్ స్టాఫ్ నర్సుని. ఈఎంఎఫ్ ఉన్న సెక్షన్ల వాళ్లకు 'హెల్త్ మానిటరింగ్ ఫారం' తయారు చేయమన్నారు. నెట్‌లో చూస్తే ముప్పై పరీక్షలున్నాయి. ఏవి పెట్టాలి?
— స్టాఫ్ నర్సు, శంషాబాద్

జవాబు: తల్లీ, పరీక్షలు తగ్గించు, ప్రశ్నలు పెంచు. ఎందుకో ఒక కథ చెబుతాను, నా తప్పు కథే.

తొంభైల మొదట్లో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో చేరాను. కొత్త డిగ్రీ, కొత్త స్టెతస్కోపు. ఒకరోజు ఫిట్టర్ ఒకాయన ఉంగరం వేలు పట్టుకుని వచ్చాడు. వేలు కాలి బొబ్బ లేచింది. 'ఏం తగిలింది?' అన్నాను. 'ఏం తగల్లేదమ్మా, గేరు వేడి చేస్తున్నాం' అన్నాడు. నాకు అర్థమైంది అనుకున్నాను. రిజిస్టర్‌లో 'వేడి లోహం తగిలి కాలిన గాయం' అని రాసి, మందు రాసి పంపబోతుంటే మా డ్రెస్సర్ ఆపాడు. పదో తరగతి కూడా చదవని మనిషి. 'అమ్మా, వేడి ముక్క తగిలితే ఒక పక్కే కాలాలి కదా. ఇది గాజులాగా చుట్టూ కాలింది' అన్నాడు.

అప్పుడు లేచి షాపులోకి వెళ్లాను. షాఫ్టుకు గేరు బిగించేముందు గేరును ఇండక్షన్ కాయిల్‌లో పెట్టి వేడి చేస్తారు, వ్యాకోచించగానే షాఫ్టు మీదికి దించుతారు. ఆయన కాయిల్ పక్కన గేరు సర్దుతూ చేయి పెట్టాడు. గేరుకు ఏం జరుగుతోందో ఆయన వేలి ఉంగరానికీ అదే జరిగింది. మూసిన చుట్టు, దానిలో కరెంటు పుట్టింది, ఉంగరం వేడెక్కింది. పెళ్లి ఉంగరం, వాపు వచ్చాక ఊడి రాక కత్తిరించాల్సి వచ్చింది. నేను డిస్పెన్సరీలోనే కూర్చుని ఉంటే ఆ రిజిస్టర్‌లో ఇవాళ్టికీ అబద్ధమే ఉండేది. ఫ్యాక్టరీ పేరు చెప్పను.

కాబట్టి నీ ఫారంలో మొదటి ప్రశ్న ఒంటి మీద, ఒంట్లో లోహం ఏముందని. పేస్‌మేకర్, ఇన్సులిన్ పంప్, చెవిలో పెట్టిన కాక్లియర్ యంత్రం, ఎముకకు వేసిన ప్లేటు, రాడ్డు. మన మగవాళ్లు రాడ్డు సంగతి చెప్పరు, 'పదేళ్ల కిందటి యాక్సిడెంటు మేడమ్, ఇప్పుడేం లేదు' అంటారు. ప్యాంటు పైకెత్తి మచ్చ చూడు. తర్వాత ఉంగరాలు, కడియం, మెడలో గొలుసు, వెండి మొలతాడు. ఆడపిల్లలకైతే గాజులు, మెట్టెలు, నల్లపూసలు. 'తీయండి' అని ఊరికే అంటే నల్లపూసలు తీయరు, అది నీకూ తెలుసు. ఇండక్షన్ కాయిల్, వెల్డింగు దగ్గర పనిచేసే అమ్మాయిలతో విడిగా కూర్చుని ఈ ఉంగరం కథ చెప్పు. వాళ్లే దారం కట్టుకుని వస్తారు.

రెండో ప్రశ్న, గర్భిణి అయ్యారా, ప్లాన్ చేస్తున్నారా. అడిగేది నర్సువి కాబట్టి చెబుతారు, సూపర్‌వైజర్‌కు చెప్పరు. రేడియో ఫ్రీక్వెన్సీ విషయంలో ఐసీఎన్ఐఆర్‌పీ మాట స్పష్టంగా ఉంది. కడుపులో బిడ్డ ఉద్యోగి కాదు కాబట్టి గర్భిణికి మామూలు జనం హద్దే వర్తించాలి. ఒంటి మీద పడే మొత్తం శక్తి లెక్కన అది ఉద్యోగుల హద్దులో ఐదో వంతు, కిలోకు 0.4 వాట్లు కాదు, 0.08. సెక్షన్ మార్చడానికి ఈ ఒక్క అంకె చాలు. జీతం తగ్గకుండా మార్చమని హెచ్ఆర్‌కు నువ్వే రాయి.

మూడోది, మెషీన్ దగ్గర ఏమైనా అనిపిస్తోందా. కళ్లలో మినుకులు, చర్మంలో జివ్వుమనడం, వెచ్చదనం, లోహం ముట్టుకుంటే చురుక్కుమనడం. అనిపిస్తే ఎక్కడ నిలబడినప్పుడు? దూరం జరిగితే పోతోందా? ఈ జవాబు ఈసీజీకన్నా ఎక్కువ చెబుతుంది. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, అలసట అని రాస్తే కొట్టిపారేయకు. బాధ నిజమే. కానీ ఇలాంటి లక్షణాలకు ఈఎంఎఫ్‌తో సంబంధం రుజువు కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. నైట్ షిఫ్టు, ఎంఈకే లాంటి ద్రావకాల వాసన, రివెటింగ్ మోత, బీపీ, రక్తహీనత, కళ్లద్దాల పవర్ వరుసగా చూడు. నా అనుభవంలో పదిమందిలో తొమ్మిదిమందికి వీటిలో ఏదో ఒకటి దొరికేది.

ఆఖరికి ఒక ఖాళీ పెట్టె పెట్టు. అందులో ఆ మనిషి నిలబడే చోట మీటరు చూపిన అంకె, కొలిచిన తేదీ రాయాలి. అది నింపనంత వరకు ఫారం మీద సంతకం చేయకు. మేనేజర్ అడిగితే, 1987లో, భోపాల్ తర్వాత, ఫ్యాక్టరీల చట్టం సవరించినప్పుడు హానికర పదార్థాల మధ్య పనిచేసేవాళ్లకు తమ ఆరోగ్య రికార్డు అందుబాటులో ఉండాలని రాసుకున్నారని గుర్తుచెయ్యి. ఆ మాట పదార్థాల గురించే, అయస్కాంతాల గురించి కాదు. కానీ కార్మికుడికి తన కాగితం చూపించడానికి నీకు చట్టమెందుకు?

ప్రశ్న: మేడమ్, ఫోన్‌లో ఈఎంఎఫ్ యాప్ వేశాను. మా షాపులోనూ 43, మా ఇంట్లో దేవుడి గదిలోనూ 43 చూపిస్తోంది. ఒకాయన 1,500 రూపాయలకు రేడియేషన్ తగ్గించే స్టిక్కర్ అమ్ముతున్నాడు. కొనమంటారా?
— ఒక పాఠకుడు, మీర్‌పేట

జవాబు: ఆ 43 భూమి అయస్కాంతం బాబూ. హైదరాబాద్‌లో ఎక్కడ నిలబడ్డా నలభై పైచిలుకు మైక్రోటెస్లాలు చూపిస్తుంది. ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు దశాబ్దాలుగా కొలుస్తున్నది దాన్నే. ఫోన్‌లో ఉన్నది దిక్సూచి ముల్లు లాంటిది. సెకనుకు యాభైసార్లు తిరగబడే మీ షాపు క్షేత్రాన్ని, రేడియో తరంగాలను అది సరిగా పట్టుకోలేదు. ఇనుప బీరువా పక్కన పెట్టి చూడండి, అంకె మారిపోతుంది. స్టిక్కర్ వద్దు. ఆ డబ్బుతో ఒక జత మంచి ఇయర్‌మఫ్‌లు కొనుక్కోండి, మీరు రివెటింగ్‌లో ఉన్నారని కవరు వెనక రాశారుగా.